తోలుకి నీళ్ళంటే నిద్ర

యానాం ఫరంపేటలో ఏటివైపు దిగే సందు మొదట్లోనే నెహెమ్యా ఇల్లు. ముందు పెంకుల పంచ, పంచలో పొడవాటి బల్ల, బల్ల మీద గోనెపట్టా. ఆ పట్టా కింద ఎప్పుడూ ఏదో ఒక వస్తువు నిద్రపోతూ ఉంటుంది. ఒకనాడు టార్చిలైటు, ఒకనాడు గాలాల డబ్బా, ఒకనాడు కొబ్బరిచెట్లెక్కే మనిషి కత్తి. చలికాలంలో అయితే మడ అడవిలో పక్షుల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళ బైనాక్యులర్. ఎవరైనా పట్టా అంచు ఎత్తబోతే నెహెమ్యా చేతిలో పని మీంచి తల ఎత్తకుండానే అంటాడు:

"పడుకోనివ్వండి బాబూ. ఇప్పుడే కన్నంటుకుంది."

వినేవాళ్ళు నవ్వుతారు. ఆయన నవ్వడు.

నెహెమ్యా చేసేవి తోలు తిత్తులు. నీళ్ళలో, బురదలో, చెట్ల మీద పనిచేసే మనుషులు తమ సామాను మొలకు కట్టుకోవడానికి చేయించుకునేవి. చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. ఒకే తోలు ముక్కను మడతపెట్టి రెండు పక్కలా మైనం పట్టించిన దారంతో కుట్టి, పైన నాలుకలాంటి మూత వదిలి, వెనక బెల్టు దూరేందుకు ఒక పట్టీ వేస్తాడు. గుండీలు ఉండవు, జిప్పులు ఉండవు. అయినా ఆ తిత్తిని తలకిందులు చేసి ఊపినా లోపలి వస్తువు జారదు. వేళ్ళు పెట్టి లాగితే మాత్రం ఒళ్ళోంచి పిల్లి లేచినట్టు మెత్తగా బయటికి వస్తుంది.

టేపు పెట్టి కొలవడం ఆయనకు అలవాటు లేదు. తంగేడు చెక్కలో, అంటే ఆ చెట్టు బెరడులో, ఊరవేసి పదును చేసిన గేదె తోలును నీళ్ళలో వేస్తాడు. బుడగలు రావడం ఆగాక తీసి, అసలు వస్తువుకే చుట్టి, గేదె కొమ్ము ముక్కతో అంచుల వెంట నెమ్మదిగా నొక్కుకుంటూ పోతాడు. తర్వాత పట్టా కప్పి వదిలేస్తాడు. రెండు మూడు రోజులకు తోలు ఆరేసరికి లోపలున్నదాని రూపం పైకి తేలి ఉంటుంది. టార్చి దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు, గాలాల డబ్బా ముసుగుతన్ని పడుకున్నట్టు.

"గేదె బతికున్నన్నాళ్ళూ మజ్జానం పూట నీళ్ళలోనే గదండీ పడుకునేది," అని ఒకసారి చెప్పాడు. "చచ్చాక మాత్రం దాని తోలుకి ఆ అలవాటు పోద్దా? తోలుకి నీళ్ళంటే నిద్రండి. నిద్రలో పక్కన ఏది ఉంటే దాని కలే వస్తది. లేచాక ఆ కలే దాని రూపం."

కాబట్టి తిత్తి కావాలన్నవాళ్ళు వస్తువును ఆ బల్ల మీద వదలాలి. ఈ పద్ధతి ఆయన పెట్టింది కాదు. తండ్రి రోజుల్లో చెప్పులకూ, మోట బొక్కెనలకూ వచ్చేవాళ్ళు సందు మొదట్లోనే నిలబడి, తెచ్చినదాన్ని నేల మీద పెట్టి, ఒక కేక వేసి వెళ్ళిపోయేవారు. పంచలో కూర్చుంటే మైల. తండ్రి ఆ కేక విని బయటికొచ్చి, మనిషి దూరం వెళ్ళేదాకా ఆగి, వస్తువును తీసుకునేవాడు. నెహెమ్యా ఆ పద్ధతిలో సగమే ఉంచుకున్నాడు. వస్తువు వదలాల్సిందే, మనుషులు మాత్రం కూర్చోవచ్చు. ఇప్పుడు వెళ్ళమన్నా ఎవరూ వెళ్ళరు.

నేనూ అలాగే కూర్చున్నాను. కళ్ళజోడుకు తిత్తి అడిగి, కళ్ళజోడు ఆ బల్ల మీద వదిలాక ఇంటికెళ్ళి చేసేదేముంది? పుస్తకం తెరిస్తే చీమల బారు. అందుకని ఇప్పుడు చెప్పబోయేదాన్లో చాలామటుకు కళ్ళజోడు లేకుండా చూసింది. ఏటి మీద పొగమంచు, పంచలో మనుషులు, ఎస్తేరు చేతిలో టీ గ్లాసులు, అన్నీ అంచులు కరిగినట్టే గుర్తున్నాయి.

ఎస్తేరు నెహెమ్యా భార్య. ఆయన వయసులో ఉన్నప్పుడు కాకినాడలో ఒక చెప్పుల కొట్టులో పనిచేశాడు. ఆ రోజుల్లోనే పెళ్ళిచూపులకు వెళ్తే, కొత్త చెప్పులు కరిచి పిల్ల కుంటుతూ వచ్చిందట. ఆయన ఆ చెప్పులు అడిగి తీసుకుని, బకెట్టులో ముంచి, తడివే తొడుక్కుని ఇంటి చుట్టూ తిరగమన్నాడట.

"పెళ్ళికొడుకు పిల్లని చూడకుండా పిల్ల చెప్పులు చూశాడండి," అని ఎస్తేరు ఇప్పటికీ అంటుంది. "మా నాన్న అదే మంచిదన్నాడు. పాదం గురించి ఆలోచించేవాడు మనిషి గురించి ఆలోచించడా అని."

కొట్టులో తోలు పోయి రెక్సిన్ వచ్చాక నెహెమ్యా యానాం తిరిగొచ్చేశాడు. రెక్సిన్‌కి కలలు రావని ఆయన ఫిర్యాదు.

ఆ పొద్దున పంచలోకి ముందు వచ్చింది ఉమామహేశ్వరం. చిన్న ఇంజను పడవ మీద మొగ దాకా వేటకు వెళ్ళే మనిషి. గోదావరి సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర ఇసకమేటలు ఏ రోజుకారోజు చోటు మారుస్తాయి.

"నెహెమ్యా! నా టార్చి లేచిందా?"

"ఇంకా లేవలేదండి."

"కుంభకర్ణుడేంటయ్యా అది? తెల్లారగట్ల మేట కనపడక పడవ ఇసక మీద ఎక్కించేశాను. నీ తోలు నిద్ర నా పీకల మీదకొచ్చింది."

లోపల్నుంచి ఎస్తేరు టీ తెస్తూ అంది: "టార్చి ఉన్నప్పుడు మాత్రం ఎక్కించలేదేంటి అన్నయ్యగారూ? కార్తీకంలో పడవని తోసి తోసి మా ఆయన నడుం పట్టేసింది."

"టీ ఇచ్చే చేత్తో పరువు తియ్యకమ్మా చెల్లెమ్మా," అని ఆయన గ్లాసు అందుకున్నాడు.

ఆ నవ్వులో ఉండగానే ఫిలోమినా వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె. గిన్నెలో, నానిన అప్పడంలా, ఒక తోలు తిత్తి. ఆమెను చూడగానే ఉమామహేశ్వరం నవ్వు ఆపేశాడు.

ఫిలోమినా భర్త క్రిస్టోఫర్ ఆయన పడవలోనే పనిచేసేవాడు. కిందటి శీతాకాలం మొగ దగ్గర చిక్కుపడిన వల తాడు కోస్తూ కోస్తూ అలాగే కూలబడ్డాడు. గుండె. చేతిలో కత్తి ఏట్లో పడిపోయింది. మనిషిని ఉమామహేశ్వరం ఒడ్డుకు తెచ్చాడు. మొలకున్న తిత్తి ఖాళీగా ఇల్లు చేరింది. ఖాళీగా అన్నమాటే గానీ, ఎప్పుడో నెహెమ్యా ఆ కత్తి మీదే ఆరబెట్టిన తోలు కాబట్టి కత్తి లోపలే ఉన్నట్టుండేది. పిడి దగ్గర ఉబ్బు, వీపు దగ్గర గీత, మొన దగ్గర సన్నం. ఫిలోమినా దాన్ని యేసు తిరుహృదయం పటం పక్కన మేకుకు తగిలించింది.

ఏడాది తిరిగాక ఆమె కూడా ఉమామహేశ్వరం పడవలో పీతల వేటకు వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ తిత్తిని తన మొలకు కట్టుకుందామనుకుంది. మొగ నుంచి వచ్చిన తాళ్ళనూ వలలనూ మళ్ళీ వాడేముందు మంచినీళ్ళలో నానబెట్టి ఉప్పు వదిలించడం వేటకెళ్ళే ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని. చిన్నప్పట్నుంచీ చేసిన పని. తాళ్ళతోపాటు తిత్తినీ నీళ్ళలో వేసింది.

"ఉప్పు వదులుద్దని వేశాను బాబాయ్," అంది గిన్నె బల్ల మీద పెట్టి. "పొద్దున తీసి చూస్తే ఇలా అయిపోయింది. మేకుకి ఉన్నన్నాళ్ళూ కత్తి లోపలే ఉందనిపించేది. ఇప్పుడు వట్టి తోలు."

నెహెమ్యా తిట్టలేదు. వేలితో తోలును నొక్కి చూశాడు.

"మరిగే నీళ్ళా అమ్మాయ్?"

"కాదు. గోరెచ్చన."

"అయితే పోలేదు. మరిగే నీళ్ళయితే ముడుచుకుపోయేది. ఇది నిద్రలో ఉందంతే. ఆరేలోపు ఆ కత్తి దీని పక్కన పడుకోవాలి. ఆరిపోయిందా, ఇక ఇలాగే ఉండిపోద్ది."

"కత్తి ఏట్లో ఉంది గదా బాబాయ్."

"ఊఁ."

"పోనీ ఇప్పటికి ఆరనిచ్చి, మళ్ళీ ఎప్పుడైనా నానేస్తేనో?" అన్నాడు ఉమామహేశ్వరం.

"ముసలి తోలండి. ఇంకోసారి నానితే చిట్లిపోద్ది. దీనికిదే ఆఖరి నిద్ర. తడిగా ఉంచుదామా అంటే ఎంతసేపని, బూజు పట్టేస్తది."

"అయితే నా కత్తి పెట్టు. అలాంటిదేగా."

"మీ నులకమంచం గుంటలో ఇంకోడు పడుకుంటే వాడికి నిద్ర పడుద్దా?" అన్నాడు నెహెమ్యా.

ఫిలోమినా అరుగు అంచున కూర్చుంది. తర్వాత ఎవరినీ చూడకుండా, ఏటివైపు చూస్తూ చెప్పింది. "మెట్టు మీద కూచుని కత్తి తుడుచుకుని లోపల పెట్టేవాడు. టప్ మనేది. ఆ చప్పుడు వినపడ్డాకే కంచంలో అన్నం పెట్టేదాన్ని. పిలిచేవాడు కాదు. ఆ చప్పుడే పిలుపు."

"పడవలోనూ అంతే," అన్నాడు ఉమామహేశ్వరం. "నేను ఇంజను దగ్గర, వాడు నా వెనక. టప్ మందంటే తాడు కోయడం అయిపోయినట్టే. వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కాదు. ఇంజను తాడు లాగేసి పడవ కదిపేవాణ్ణి."

మంచు అప్పుడప్పుడే విచ్చుకుంటోంది. పోటు ఎక్కుతున్నట్టుంది, గాలిలో ఉప్పు తడి తగిలింది. నెహెమ్యా తడిపిన గుడ్డ ఒకటి తెచ్చి తిత్తి మీద కప్పబోతూ ఆగాడు. మూత ఎత్తి, ఒక కన్ను మూసి, లోపలికి చూశాడు.

"టార్చి వెయ్యండి."

"నా టార్చి నీ తోల్లో గురక పెడతంది గదయ్యా!"

"అది లేపకూడదు. ఫోను వెయ్యమ్మా."

ఫిలోమినా ఫోను వెలిగించి పట్టుకుంది. నెహెమ్యా తిత్తి నోరు రెండు వేళ్ళతో తెరిచి ఆమెను చూడమన్నాడు. ఆమె చాలాసేపు వంగి చూసింది. నాకు కనపడిందల్లా ఆమె భుజాలు. అవి కదలడం మానేశాయి.

లోపలేముందో నెహెమ్యా తర్వాత చెప్పాడు. తంగేడు చెక్కతో పదును చేసిన తోలుకు ఇనుము తగిలితే నల్లబడుతుంది. ఏళ్ళ తరబడి ఆ కత్తి ఆనిన చోటల్లా లోపలివైపు మసకగా మరక పడింది. రాత్రంతా నానేసరికి ఆ మరక సిరాలా ముదిరింది. నీళ్ళు రూపాన్ని తీసుకుపోయి నీడను చిక్కగా వదిలిపెట్టాయి. పొడవాటి నల్లటి నీడ, మొన దగ్గర కాస్త పక్కకు ఒంగి ఉంది. అంచులో ఒకచోట మాత్రం నలుపు పడని చిన్న ఖాళీ.

"పంటిగాటనేవాడు దీన్ని," అంది ఫిలోమినా. "కత్తి రాయి మీద పడి అంచులో ముక్క లేచిపోయింది. రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు, ఏదో బిడ్డకి దెబ్బ తగిలినట్టు."

నెహెమ్యా అప్పటికే మామిడి చెక్క ముక్క ఒకటి వెతుక్కుంటున్నాడు.

ఇనుము తగిలిన మేరకు పని సులువుగానే సాగింది. చెక్కను చెక్కడం, తిత్తి పక్కన పెట్టి చూడడం, నీడకు సరిపోయేదాకా మళ్ళీ చెక్కడం. పొట్టు బల్ల కింద కుప్ప పడింది. చిక్కంతా పిడి దగ్గర వచ్చింది. పిడి చెక్కది, దాని మీద వల అల్లే నైలాన్ దారం చుట్టి ఉండేది. తోలు మీద అది ఏ నీడా వదల్లేదు.

"చివర లావుగా ఉండేది," అన్నాడు నెహెమ్యా. "నా బల్ల మీద పడుకున్న వస్తువు, నాకు తెలీదా?"

"మధ్యలో లావు బాబాయ్. నా ఇంట్లో ఇన్నేళ్ళున్న వస్తువు, నాకు తెలీదా?"

"అసలు లావే లేదు," అన్నాడు ఉమామహేశ్వరం. "సన్నంగా, పొట్లకాయలా ఉండేది. నా పడవలో..."

"ముగ్గురూ మూడు కత్తులు చెప్తున్నారు," అంది ఎస్తేరు గుమ్మంలోంచి. "పాపం క్రిస్టోఫరుకి ఉన్నది ఒక్కటే. అమ్మాయ్, ఆ కత్తితో నువ్వెప్పుడూ చేప కొయ్యలేదా?"

ఫిలోమినా తల ఎత్తింది. "ఎందుకు కొయ్యలేదు పిన్నీ! మొద్దుబారుద్దని ముట్టుకోనిచ్చేవాడు కాదు. వేటనుంచొచ్చి పడుకున్నాక మొల దగ్గర్నుంచి మెల్లిగా తీసి కోసేసి, కడిగి మళ్ళీ పెట్టేసేదాన్ని. టప్ మనకుండా వేలు అడ్డం పెట్టి."

"వాడికి తెలిసే ఉంటది," అన్నాడు ఉమామహేశ్వరం. "పడవలో కత్తి తీసి వాసన చూసి నవ్వుకునేవాడు. ఎందుకురా అంటే చెప్పేవాడు కాదు."

ఎస్తేరే ముందు తేరుకుంది. "అయితే కళ్ళు మూసుకుని పట్టుకోవే. నీ కళ్ళ సంగతి తర్వాత, నీ చెయ్యి ఏమంటదో చూద్దాం."

ఫిలోమినా కళ్ళు మూసుకుని చెక్కను పట్టుకుంది. గాలిలో ఏదో కోస్తున్నట్టు చేతిని ఆడించింది. "ఇక్కడ ఇంకా సన్నం." నెహెమ్యా తీసుకుని గీకి ఇచ్చాడు. "చిటికెన వేలు బయటికి ఉండేది, అక్కడికి తగ్గించు బాబాయ్." మళ్ళీ గీకాడు. "దారం ముడి బొటనవేలికి తగిలేది. ఇదిగో, ఇక్కడ." నెహెమ్యా ఆ చోట దారం చుట్టి ముడి వేశాడు. ఆమె ఈసారి పట్టుకుంది. కళ్ళు తెరవలేదు, వదల్లేదు. నెహెమ్యా చెయ్యి చాపి ఉంచాడు గానీ ఇమ్మని అడగలేదు. ఏటి మీద ఎవరిదో పడవ వెళ్ళిపోయి, దాని మోత సన్నబడి, పూర్తిగా ఆగిపోయేదాకా అలాగే ఉన్నాం.

తర్వాత ఆమె తనంతట తానే దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఆముదం రాసిన చెక్కకత్తిని తిత్తిలో దింపి, కొమ్ము ముక్కతో నొక్కడం మొదలుపెట్టాడు. వీపు వెంట, మొన చుట్టూ, పంటిగాటు దగ్గర కొనగోటితో. దారం ముడి దగ్గర బొటనవేలితో ఒక్క నొక్కు. గోనెపట్టా కప్పి, "ఇంక మాట్లాడకండి," అన్నాడు.

ఆ రెండు మూడు రోజులూ నేను ఆ పంచలోనే ఉన్నాను. బల్ల మీద ఒకే పట్టా కింద ఉమామహేశ్వరం టార్చి, నా కళ్ళజోడు, లేని కత్తి పక్కపక్కనే పడుకున్నాయి. మధ్యాహ్నం పైరగాలి వచ్చినప్పుడు పట్టా కొద్దిగా పైకి లేచి దిగేది, కింద ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. టార్చికి వచ్చే కలలో ఇసకమేటలుంటాయేమో, కళ్ళజోడుకి వచ్చే కలలో నేను చదవకుండా వదిలేసిన పేజీలుంటాయేమో అనుకుంటూ, నేనూ గోడకు జారబడి కునుకు తీసేవాణ్ణి. మెలకువ వస్తే ఫిలోమినా అరుగు అంచున ఉండేది. పీతల బుట్ట పక్కన పెట్టుకుని, పట్టావైపు చూడకుండా, చూడకుండా ఉండడానికే వచ్చినట్టు.

టార్చి ముందు లేచింది. నా కళ్ళజోడు తర్వాత. ఆఖరున నెహెమ్యా ఆ తిత్తిని బయటికి తీశాడు. ఈసారి నేను కళ్ళజోడు పెట్టుకునే చూశాను. పాత తోలు, అప్పుడే నిద్ర లేచిన మొహంలా కాస్త ఉబ్బి ఉంది. వీపు గీత వచ్చింది, మొన ఒంపు వచ్చింది. ఫిలోమినా బొటనవేలితో పిడి దగ్గర తడిమి, ముడి ఉన్న చోట ఆగింది. తలూపింది. చెక్కకత్తిని బయటికి తీసి, మళ్ళీ లోపలికి దింపి, మూత వేసింది.

చప్పుడు రాలేదు. ఉస్సుమని గాలి పోయినట్టయింది, అంతే.

ఆమె ఇంకోసారి వేసింది. ఇంకోసారి. మూడోసారికి పెదవి బిగపట్టింది.

"చెక్కకి గొంతుండదమ్మా," అన్నాడు నెహెమ్యా. "రూపం అయితే వచ్చింది. మాట రావాలంటే ఇనుము కావాలి. మెట్టకూరు కొలిమికి ఈ చెక్క పట్టుకెళ్ళు. ఇలాగే కావాలని చెప్పు, గాటుతో సహా. గాటు ఎందుకమ్మా అని అడుగుతారు. ఎందుకో చెప్పకు."

"అప్పుడొస్తదా బాబాయ్?"

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. "తెలీదు," అన్నాడు. "నేను తోలువాణ్ణి. ఇనుం సంగతి నాకేం తెలుసు?"

ఆమె వెళ్ళాక ఆయన పనేమీ చేయలేదు. ఆరెతో, అదే తోలుకు కుట్టు కన్నాలు పొడిచే సూదిమొనతో, బల్ల అంచున ఊరికే గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఎస్తేరు వచ్చి ఆరె లాక్కుని భోజనానికి లేపింది.

కొన్నాళ్ళు ఫిలోమినా కనపడలేదు. నెహెమ్యా అడగలేదు గానీ, సందులో అడుగుల చప్పుడైతే చేతిలో పని ఆగేది. అటువైపు చూసి మళ్ళీ దారం లాక్కునేవాడు. ఒక సాయంత్రం ఉమామహేశ్వరం వచ్చాడు. ఎప్పటిలా కేక వేయలేదు. వచ్చి బల్ల పక్కన కూర్చుని, కాసేపు పట్టావైపు చూశాడు.

"ఎవరు పడుకున్నారు?"

"కొబ్బరికాయలు తీసేవాళ్ళ కత్తండి."

"ఊఁ." భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇవాళ పోటు తీసి పాటు మొదలయ్యాక పీతల బుట్టలు ఎత్తడానికెళ్ళాం. అమ్మాయి వెనక కూచుంది, మెట్టకూరు కత్తి మొలకి కట్టుకుని. ఒక తాడు మడ వేళ్ళకి చిక్కుకుంది. కొయ్యమ్మా అన్నాను. నేను ముందుకి చూస్తన్నాను, ఎప్పట్లాగే. ఎక్కడా మోత లేదు, నీళ్ళు దిగతా ఉంటే వేళ్ళు బయటపడతన్న చప్పుడు తప్ప."

నెహెమ్యా సూది గుచ్చి, లాగకుండా ఆపాడు.

"వెనక టప్ మంది."

ఎస్తేరు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నా చెయ్యి ఇంజను తాడు లాగేసింది నెహెమ్యా. నాకు తెలీకుండానే. లాగేసి, 'అయిపోయిందా క్రిస్టోఫా' అన్నాను. వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు."

"మరి అమ్మాయేమంది?" అంది ఎస్తేరు.

ఉమామహేశ్వరం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"'అయిపోయిందన్నయ్యా, పోనివ్వండి' అంది."

నెహెమ్యా దారం బయటికి లాగాడు. అది పూర్తిగా వచ్చేదాకా లాగి, ముడి వేసి, పంటితో తెంపాడు. గాలికి పట్టా అంచు లేచింది. చెయ్యి చాపి, కింద ఉన్నదానికి మెలకువ రాకుండా, నెమ్మదిగా సర్దాడు.